చూడి నిలువని ఆవు: ఈనిన పది దినముల అశ్రద్ధ

పాడి ఆవు సకాలమున చూడి కట్టకున్నచో మన గ్రామములలో సాధారణముగ మూడు మాటలు వినవచ్చును. సూది మంచిది కాదందురు. సూది వేసినవానికి చేతగాదందురు. ఈ రెండును కాకున్నచో ఆవు గొడ్డుబోయినదని సంతకు తోలుదురు. ఈ మూడింటిలో ఏదైనను ఒక్కొక్కప్పుడు నిజము కావచ్చును. కాని అడుగవలసిన మాట వేరొకటి కలదు. దానిని రైతు చెప్పడు. మనవంటి ఉద్యోగులమును అడుగము. “ఈ ఆవు క్రిందటిసారి ఈనినప్పుడు ఏమి జరిగినది?” అన్నదే ఆ మాట.

చూడి నిలువని ఆవు విషయమున మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇదియేనని నా అభిప్రాయము. నేను వ్యవసాయ పట్టభద్రుడనే గాని పశువైద్యుడను కాను. చికిత్స చెప్పుట నా పని కాదు. కాని మేత, పోషణ, లెక్కల పుస్తకము, రైతుతో సంభాషణ ఇవి నా పనులు. ఆ పనులలో నేను చేసిన ఒక పొరపాటునుండియే ఈ అభిప్రాయము కలిగినది గావున దానిని దాచక చెప్పుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను చిత్తూరు జిల్లాలో పనిచేయుచుంటిని. ఆ ప్రాంతమున మెట్ట రైతులకు వేరుశనగ తరువాత పాడియే ఆధారము. ఒక చిన్న రైతు ఇంట రెండు సంకర జెర్సీ ఆవులుండెను. వానలు లేక వేరుశనగ పోయిన ఏడు అది. అందొక ఆవు రెండవ ఈత ఈని ఐదు నెలలు దాటినను చూడి కట్టలేదు. నాలుగు పర్యాయములు సూది వేయించిరి. ప్రతిసారియు ఇరువదియొక్క దినములకు మరల ఎదకు వచ్చెను. నేను వెళ్లి, ఎద ఏ వేళ కనబడినది, సూది ఏ వేళ వేయించిరి అని విచారించి నా పుస్తకములో “ఎద గుర్తించుటలో ఆలస్యము, రైతునకు సలహా ఇవ్వబడినది” అని వ్రాసికొని వచ్చితిని.

పిమ్మట ఆ గ్రామమున పశువైద్య శిబిరము జరిగినది. పశువైద్యులు ఆ ఆవును చూచి, ఎద సంగతి అడుగలేదు. ఇంటి ఇల్లాలిని పిలిచి, “అమ్మా, ఈ ఆవు ఈనినప్పుడు మాయ ఎప్పుడు పడింది?” అని అడిగిరి.

“మూడో దినానికి పడింది సార్. ముందురోజు ఊర్లో ఒకాయన చెయ్యి పెట్టి లాగినాడు, సగమే వచ్చింది. ఐదారు దినాలు మేత సరిగా ముట్టలేదు. వాసన కూడా వచ్చింది. మైల కదా, అదే పోతాదిలే అనుకొంటిమి,” అని ఆమె చెప్పెను.

“సూది వేయించేటప్పుడు ఈ సంగతి చెప్పినారా అమ్మా?”

“ఎవురూ అడగలేదు సార్.”

ఆమె అన్న మాట నాకు తగిలినది. నేనును అడుగలేదు. పరీక్షలో ఆ ఆవు గర్భకోశమున చీము ఇంకను ఉన్నట్లు తేలినది. చికిత్సకు లొంగునట్టిదే యని వైద్యులు చెప్పిరి. కాని ఆ ఇంటివారు అప్పటికే దళారివద్ద బయానా పుచ్చుకొనియుండిరి. వడ్డీ కట్టవలసిన దినము దగ్గరపడినది. ఆవు వెళ్లిపోయినది. నా పుస్తకములోని ఆ వాక్యము మాత్రము అట్లే యున్నది.

లెక్క చూచుకొందము

ఏడాదికొక దూడ అన్నది పాడిలో ఆదర్శము. ఆవు చూడి కాలము సుమారు 280 దినములు. సంవత్సరమునకు 365 దినములు. తేడా 85 దినములు. అనగా ఈనిన తరువాత 85 దినములలోపల ఆవు తిరిగి చూడి కట్టిననే ఏడాదికొక దూడ దక్కును. ఈనిన పిమ్మట సుమారు 50 నుండి 60 దినముల వరకు గర్భకోశమునకు విశ్రాంతి నీయవలెను. కావున రైతు చేతిలో మిగులు వ్యవధి నెల దినములు మాత్రమే. ఎద 21 దినములకొకసారి వచ్చును గనుక ఆ నెలలో ఒకటి, మహాయైన రెండు అవకాశములు మాత్రమే కలవు.

నాలుగు ఎదలు వ్యర్థమైనచో 84 దినములు పోయినట్లు. రోజునకు మేతకు, దాణాకు 100 రూపాయలు అనుకొన్నచో 8,400 రూపాయలు. రైతు తన ఇంటి ఖర్చును బట్టి ఈ లెక్క తానే వేసికొనవచ్చును. వెనుకబడిన ఈత, తగ్గిన పాలు ఇందు చేరలేదు.

లోపల జరుగు సంగతి

ఈనిన నాడు ఆవు గర్భకోశము సుమారు 9 కిలోల బరువుండును. ఆరోగ్యముగ నున్నచో అది నెల దినములలో ఒక కిలోకు తగ్గి, సుమారు 40 దినములకు పూర్వస్థితికి వచ్చును. ఈనునప్పుడు ద్వారము తెరచుకొని యుండును గావున మొదటి రెండు వారములలో దాదాపు ప్రతి ఆవు గర్భకోశములోనికిని సూక్ష్మజీవులు చేరును. అది రోగము కాదు. బలముగానున్న ఆవు వాటిని తానే వెడలగొట్టుకొనును. మొదట ఎర్రగా, పిదప గోధుమ వర్ణముగా వచ్చు మైల దుర్వాసన లేక క్రమముగా తగ్గి రెండు, మూడు వారములలో ఆగిపోవును.

బలము తప్పిన ఆవు వాటిని వెడలగొట్టుకొనలేదు. ఈ బలము తప్పుటకు ముఖ్యముగా ఐదు కారణములు కలవు.

మొదటిది, మాయ నిలిచిపోవుట. ఈనిన 12 గంటలలోపల మాయ పడవలెను. 24 గంటలు దాటినచో అది నిలిచినట్లే. రెండవది, గర్భకోశ వాపు. ఈనిన మూడు వారములలోపల, ముఖ్యముగా మొదటి పది దినములలో నీళ్లవలె పలుచగా, ఎర్రని గోధుమరంగుతో, ముక్కు మూసికొనవలసినంత దుర్వాసనతో స్రావము వచ్చును. జ్వరము, మేత మానుట, పాలు తగ్గుట తోడగును. మూడవది, పాలజ్వరము. పేరు జ్వరమేగాని ఒళ్లు చల్లబడును. ఈనిన రెండు మూడు దినములలో రక్తములోని సున్నము ఒక్కసారిగ పాలలోనికి పోవుటచే ఆవు లేవలేక, మెడ ప్రక్కకు త్రిప్పి పడియుండును. నాలుగవది, శక్తి చాలక కలుగు కీటోసిస్. ఆవు దాణా మాని గడ్డి మాత్రము కొరుకుచు, దినదినమునకు చిక్కిపోవును. ఐదవది, పొదుగువాపు.

ఇవి ఐదు వేరు వేరు రోగములుగా కనబడును గాని ఒకదాని చేయి ఒకటి పట్టుకొని వచ్చును. సున్నము తగ్గినచో కండరములు సడలును. గర్భకోశమును కండరమే గావున మాయను నెట్టలేదు. చనుమొన ద్వారము గట్టిగ మూసికొనదు గావున పొదుగువాపు వచ్చును. మాయ కుళ్లినచో గర్భకోశము వాచును. వాపుతో ఆవు మేత మానినచో శక్తి తగ్గును. శక్తి తగ్గినచో రోగమును ఎదిరించు బలము ఇంకను తగ్గును.

ఇక చూడి సంగతి. గర్భకోశపు లోపొర చెడియున్నచో, ఎద వచ్చి సూది వేసినను పిండము నిలుచుటకు తావుండదు. ఇది తెలియుట సులభము. తెలియనిది మరొకటి కలదు. గర్భకోశములోని సూక్ష్మజీవుల విషము, శరీరములోని శక్తి లోటు అండాశయమును కూడ తాకును. గుడ్డు మందముగా పెరుగును. ఎద ఆలస్యమగును, లేదా బయటికి తెలియని మూగ ఎదగా పోవును. ఆవు గుడ్డు ఒక్క ఎదలో తయారగునది కాదు. చిన్న దశనుండి విడుదలకు రెండు, మూడు నెలలు పట్టును. అనగా నేడు 70వ దినమున ఎదలో విడుదలగు గుడ్డు, ఆవు ఈని జబ్బుపడి చిక్కిన దినములలో లోపల పెరుగుచుండినదే. ఆ కష్టకాలపు దెబ్బ నెలల తరువాత చూడిలో కనబడునని 1992లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాక్ బ్రిట్ ప్రతిపాదించెను. నారుమడిలో దెబ్బతిన్న నారు పొట్టదశలో ఫలితము చూపుట మన రైతు ఎరుగని సంగతి కాదు. ఇదియు అట్టిదే.

కావున రోగము తగ్గినది, ఆవు మేత తినుచున్నది, పాలు వచ్చుచున్నవి అని సంతోషించి ఆ సంగతి మరచిపోరాదు. పైకి మానిన గాయము లోపల మిగిలియుండవచ్చును.

చేయి పెట్టి లాగవద్దు

మాయ పడలేదనగానే చేయి పెట్టి లాగించుట మన గ్రామములలో చిరకాల వాడుక. ఒకప్పుడు వైద్యులును అట్లే చేసెడివారు. దానిని వైద్యులే నేడు మంచిది కాదనుచున్నారు. లాగినప్పుడు లోపొర చినిగి, సూక్ష్మజీవులు లోతునకు పోవును, ముక్కలు మిగిలిపోవును. వ్రేలాడు మాయకు రాయి, ఇటుక, పాత చెప్పు కట్టుట మరింత హాని. “మాయ తీయని డాక్టరు ఏమి డాక్టరు” అని రైతులు విసుగుకొనుట నేను విన్నాను. తీయకపోవుట చేతగానితనము కాదు. ఆవుకు జ్వరమున్నదా, మేత తినుచున్నదా అని చూచి, అవసరమైన మందు నిచ్చుటయే వైద్యము. జ్వరము లేక మేత తినుచున్న ఆవులు పెక్కింటికి మాయ కొలది దినములలో తానే జారిపడును.

మరొక వాడుక ఏమనగా, మాయ పడువరకు దూడకు జున్నుపాలు త్రాపకుండుట. ఇది రెండు విధముల నష్టము. పుట్టిన గంట, రెండు గంటలలో జున్నుపాలు త్రాగని దూడకు రోగనిరోధక శక్తి చాలదు. దూడ చీకినప్పుడు తల్లి శరీరమున కలుగు స్పందన గర్భకోశమును బిగియించి, మాయ పడుటకు తోడ్పడును. దూడను ఆపినచో తల్లికిని మేలు లేదు.

ఒక హెచ్చరిక. మాయ నిలుచుటకు, నెలలు నిండకముందే ఈసుకుపోవుటకు బ్రూసెల్లా రోగము కారణము కావచ్చును. అది మనుష్యులకును అంటును. ఒట్టి చేతులతో మాయను, ఈసుకుపోయిన పిండమును ముట్టరాదు. కుక్కలకు వేయక సున్నముతో లోతుగ పాతిపెట్టవలెను. 4 నుండి 8 నెలల వయసు గల పెయ్యదూడలకు ఈ రోగము రాకుండ టీకా వేయింపవలెను.

రైతు చేయదగిన పనులు

పని ఈనుటకు రెండు నెలలు ముందుగనే ఆరంభమగును. పాలు పితుకుట 60 దినములు ముందు మాన్పింపవలెను. ఆ కాలమున ఆవు చిక్కిపోరాదు, అతిగా బలియనూరాదు. బలిసిన ఆవు ఈనిన తరువాత మేత తగ్గించి కీటోసిస్‌కు లోనగును. చివరి రెండు మూడు వారములలో దాణాను కొంచెము కొంచెముగ అలవాటు చేయవలెను. ఆ దినములలో కాల్షియం సీసాలు త్రాపినచో పాలజ్వరము రాదనుకొనుట పొరపాటు. సున్నము మేతలో అతిగా దొరకినచో, అవసరమునకు ఎముకలనుండి తీసికొను శక్తి శరీరమునకు మందగించును. ఖనిజ లవణ మిశ్రమమును వైద్యుని సలహాపై వాడవలెను.

ఈను తావు పొడిగా, శుభ్రముగా, క్రొత్త గడ్డి పరచి యుండవలెను. ఈనిన వెంటనే గోరువెచ్చని నీరు కడుపునిండ పెట్టవలెను. మొదటి పది దినములు ప్రతి ఉదయము ఆవు ముందు ఒక్క నిమిషము నిలువవలెను. రాత్రి వేసిన మేత తిన్నదా, చెవులు చల్లబడినవా, కన్నులు గుంటలు పడినవా, పొదుగు గట్టిపడినదా, వెనుక స్రావము వాసన ఎట్లున్నది, పాలు నిన్నటికన్న పెరిగినవా తరిగినవా చూడవలెను. జ్వరమాని ఒకటి కొని యింట నుంచుకొన్నచో మేలు. ఆవు సహజ వేడి సుమారు 101.5 డిగ్రీల ఫారన్‌హీట్. 103 డిగ్రీలు దాటినచో నాటువైద్యము చేయక పశువైద్యునికి చెప్పవలెను. సంచార పశువైద్య వాహనము తిరుగు మండలములలో 1962 నంబరునకు ఫోను చేయవచ్చును. సగము మందు వాడి మానుట, దుకాణములో అడిగి సూది తెచ్చి వేయుట కూడదు. మందు వాడిన దినములలో పాలు ఎంతకాలము పోయరాదో వైద్యుని అడిగి పాటింపవలెను.

ఈనిన 30 నుండి 40 దినముల మధ్య, జబ్బుచేసిన ప్రతి ఆవును వైద్యునిచే పరీక్ష చేయింపవలెను. ఎదలో తీగ అద్దమువలె స్వచ్ఛముగా నుండవలెను. అందు తెల్లని, పసుపుపచ్చని చీము పోగులు కనబడినచో ఆ ఎదను వదలివేసి చికిత్స చేయించుట లాభము. ఒక ఎద పోయినచో పోవునది 21 దినములు. చీములో సూది వేయించినచో పోవునది సూదియు, ఆ దినములును, ఆశయు.

ఉద్యోగులకు ఒక మనవి

మన దేశమున కృత్రిమ గర్భోత్పత్తి 1939లో మైసూరు ప్యాలెస్ పాడిక్షేత్రమున సంపత్ కుమారన్ గారితో ఆరంభమైనది. 1952లో కీలక గ్రామ పథకము వచ్చినది. 2019లో రైతు వాకిటనే ఉచితముగా సూది వేయు దేశవ్యాప్త కార్యక్రమము మొదలైనది. మేలుజాతి వీర్యము పల్లెకు చేరుటలో మనము చాల దూరము వచ్చితిమి. అందుకు సంతోషింపవలసినదే. కాని విత్తనము ఎంత మేలైనను పదును లేని నేలలో మొలవదు. మన నివేదికలలో ఎన్ని సూదులు వేసితిమో లెక్క కలదు. ఈనిన వారములోపల ఎన్ని ఆవులను చూచితిమో లెక్క వ్రాయుటకు గడి లేదు. లెక్కకు రాని పని మనచేత జరుగదు.

నేను కోరునది పెద్ద పథకము కాదు. ప్రతి గ్రామమున ఒక ఈతల పుస్తకము ఉండవలెను. పాలకేంద్రములో నైనను, గ్రామ కార్యాలయములో నైనను ఉంచవచ్చును. ఈనిన తేది, మాయ పడిన గంట, పది దినములలో మేత మానినదా, జ్వరము వచ్చినదా, మందు వేసిరా, మొదటి ఎద తేది, సూది తేది అను ఏడు గళ్లు చాలును. సూది వేయుటకు వచ్చినవారు మొదట ఆ పుట తెరచి చూడవలెను. పాలు పోయుటకు వచ్చు స్త్రీలను అడిగి ఈ పుస్తకమును నింపవచ్చును. ఆవు ప్రక్కన తెల్లవారుజామున నిలుచునది సాధారణముగ వారే. ఆవు కన్ను గుంటపడినట్లు మొదట చూచునది వారే. శిక్షణ తరగతులకు భర్తను పిలిచి పశువు సంగతి తెలిసిన భార్యను ఇంట వదలివచ్చుట మనము మానవలెను.

కొందరు పెద్దలు నాతో, “మా తాతల కాలమున ఇవన్నియు చూచిరా? ఆవులు ఈనలేదా?” అందురు. నిజమే. రెండు, మూడు లీటర్ల పాలిచ్చు నాటు ఆవుకు పాలజ్వరము, కీటోసిస్ అరుదు. పది, పదునైదు లీటర్లిచ్చు ఆవును మనము కోరి తెచ్చుకొంటిమి. దాని పాలు పుచ్చుకొని, దాని శరీరము పడు భారమును చూడననుట న్యాయము కాదు. మరికొందరు, ఎద గుర్తింపు లోపము, వేసవి వేడి, మేత కొరత, వీర్యము నిలువచేయుటలో లోపము లేవా అందురు. ఉన్నవి. వాటిని కాదనుట లేదు. వాటిని వెదకుటకు ముందు ఒక్క ప్రశ్న అడుగుడని మాత్రమే నా కోరిక. అడుగుటకు ఖర్చు లేదు.

గేదెల విషయమునను ఈ జాగ్రత్తలే వర్తించును. చూడి కాలము మాత్రము సుమారు 310 దినములు గావున వాటి లెక్క వేరు.

రైతు సోదరులారా, సోదరీమణులారా! ఆవు చూడి కట్టలేదని సంతకు తోలునాడు, త్రాడు విప్పుటకు ముందు అది ఈనిన దినమును ఒక్కసారి గుర్తుకు తెచ్చుకొనుడు. మాయ ఎప్పుడు పడినదో, ఎన్ని దినములు మేత మానినదో వైద్యునికి చెప్పుడు. ఆయన అడుగకున్నను చెప్పుడు. ఉద్యోగ మిత్రులారా, వారు చెప్పకున్నను మీరు అడుగుడు. ఆ దినమున ఆ ఇల్లాలిని నేను అడిగియుండినచో, ఆ పాక రెండవ గుంజకు నేటికిని ఆవు కట్టియుండెడిదేమో.